పేరు లేని ప్రపోజల్

అక్టోబరు 3, గురువారం

ఊరంతా పండగ, ఎప్పుడో నాలుగున్నర శతాబ్దాల కింద శత్రువుల ముట్టడి వదిలిన రోజు. లైడెన్‌లో ఇవాళ పని చేస్తే పాపం తగులుతుంది. పొద్దున్నే క్యూలో నిలబడి ఉప్పు హెర్రింగ్ చేప, తెల్ల బ్రెడ్ తెచ్చుకున్నాను. తిని, తలుపేసుకుని పనే చేశాను. ప్రపోజల్ గడువు ఇంకా పదమూడు రోజులే.

అంతరిక్షంలో ఉన్న ఆ పెద్ద టెలిస్కోప్‌ను పద్నాలుగు గంటలు నా గ్రహం వైపు తిప్పమని అడగడం ఇది ఎనిమిదోసారి. నా గ్రహం అంటే నేను కన్నదేం కాదు, ఎక్కడో వేరే నక్షత్రం చుట్టూ తిరిగేది. దాని గాలిలో నీటి ఆవిరి ఉందని 2014లో, పాత టెలిస్కోప్ డేటా చూసి, చెప్పింది నేను. సగం మంది నమ్మారు. మిగతా సగం ఇప్పటికీ నన్ను చూసి మర్యాదగా నవ్వుతారు. కాకి పిల్ల కాకికి ముద్దు. నాకు అరవై ఒకటి వచ్చాయి. రిటైరయ్యేలోపు ఆ నీళ్లు ఉన్నాయని తేలాలి, అంతే.

సీట్‌స్కెకి ఈ టైమ్ ఇంకా అవసరం. నా పీహెచ్‌డీ విద్యార్థిని. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ పిల్ల, అక్కడివాళ్లందరిలాగే నోట్లోంచి మాట రాలదు. టెలిస్కోప్ టైమ్ దొరక్కపోతే ఆమె థీసిస్‌లో మూడో అధ్యాయమే ఉండదు.

అక్టోబరు 16

మధ్యాహ్నం రెండింటికి గడువు. పన్నెండున్నరకి ఫైల్ సీట్‌స్కె చేతిలో పెట్టి, ఈసారి నువ్వు పంపు, నా చెయ్యి అచ్చిరావట్లేదు అన్నాను. ఏడుసార్లు నేనే పంపాను మరి. ఆ తర్వాత పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. నోరు తెరుచుకుని కూర్చుని ఉండగా మెసేజ్ వచ్చింది, పంపేశానని. గడువుకి నాలుగు నిమిషాల ముందు. ఈ కాలం పిల్లలకి గుండెలు తీసినవాళ్లని పేరు ఊరికే రాలేదు.

అక్టోబరు 17, ఉదయం 9

నన్ను చెప్పుతో కొట్టాలి.

ఈ ప్రపోజల్స్‌లో పేర్లుండవు. చదివేవాళ్లకి రాసిందెవరో తెలియకూడదు. పేరే కాదు, ఆనవాలు కూడా ఉండకూడదు. మన పాత పేపర్ గురించి మనమే ఎవరో పరాయివాళ్లదన్నట్టు రాయాలి. తప్పితే చదవకుండా పక్కన పడేస్తారు. ఏటా పిల్లలందరికీ ఈ రూల్ మీద క్లాసు పీకేది నేనే. ఇవాళ నా లాప్‌టాప్‌లో ఉన్న కాపీ తిరగేస్తుంటే నాలుగో పేజీలో కనబడింది: మేము 2014లో చూపించినట్టు, అని.

మేమట. మేము!

అక్టోబరు 17, కాఫీ తర్వాత

రీనుస్‌తో చెప్పాను. ఇరవై ఏళ్లుగా నా ఎదురు బల్ల అతనిది, దాపరికాలు లేవు. కాఫీ కప్పులోకి తలొంచి నవ్వాడు. చేతులు కాలాయి కదా టీనెకె, ఇప్పుడు ఆకులెందుకు పట్టుకుంటావ్ అన్నాడు. ఆ పిల్లకి చెప్పావా అన్నాడు. లేదన్నాను. నువ్వు చెప్పకపోతే మార్చిలో రిజల్ట్ మెయిలే చెబుతుంది, అప్పుడు ఈ మొహం ఎక్కడ పెట్టుకుంటావ్ అన్నాడు. సైకిల్ షెడ్‌లో అన్నాను.

పంపిన కాపీ సీట్‌స్కె అకౌంట్‌లో ఉంటుంది. అడిగితే ఇస్తుంది. ఎందుకని కూడా అడుగుతుంది.

డిసెంబరు 9

చెప్పలేదు.

జనవరి 20

సీట్‌స్కె ఇవాళ రెండుసార్లు నా గదిలోకి వచ్చి, ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నేనూ చెప్పబోయి ఆగాను. చివరికి ఇద్దరం వర్షం గురించి మాట్లాడుకున్నాం. ఈ దేశంలో వర్షం ఉన్నది అందుకే.

మార్చి 11, ఉదయం

ఇచ్చారు! పద్నాలుగు గంటలూ ఇచ్చారు! కారిడార్‌లో అరిచాను. రీనుస్ వచ్చి నన్ను పట్టుకుని గిర్రున తిప్పాడు, అతని నడుము కూడా పట్టేసింది. ఆ 'మేము' వాళ్ల కంట పడలేదు కాబోలు.

తర్వాత మెయిల్ కింద, ప్రపోజల్ చదివినవాళ్ల కామెంట్స్ చూశాను. వాసెనార్ 2014 ఫలితాన్ని ఇంత నిర్మొహమాటంగా నిలదీసినవాళ్లు ఇంతవరకు లేరట. ఈ పని ఎప్పుడో జరగాల్సిందట. ఈ ప్రపోజల్‌కి అసలు బలం అదేనట.

వాసెనార్ అంటే నేనే.

మార్చి 11, సాయంత్రం 5

పంపిన కాపీ తీసుకురమ్మన్నాను. సీట్‌స్కె తెచ్చి బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోలేదు. నాలుగో పేజీలో నా వాక్యం లేదు. దాని బదులు ఇలా ఉంది: నీటి ఆవిరి ఉందని వాసెనార్ బృందం చెప్పింది, కానీ నక్షత్రం మీది మచ్చలు కూడా అలాంటి గుర్తునే చూపించగలవు, ఆ సంగతి వాళ్లు సరిగా చూసుకోలేదు.

ఒళ్లు మండింది. దాచుకోలేదు. నా ప్రపోజల్‌లో నన్నే తిడతావా అన్నాను.

ఆఖరి అరగంటలో మీ 'మేము' కనబడింది టీనెకె, మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు అంది. పరాయిదానిలా రాయాలి కదా అని మొదలుపెట్టానంది. పరాయిదానిలా ఆలోచిస్తే అదే వచ్చిందండీ, నేను అనుకునేది కూడా అదే అంది. మూడేళ్లుగా అనుకుంటున్నావా అన్నాను. రెండున్నర అంది. మరి చెప్పడానికి నీ నోరు పడిపోయిందా అన్నాను. ఆ 2014 గ్రాఫ్ ఫ్రేమ్ కట్టించి నెత్తి మీద పెట్టుకున్నారు, ఎలా చెప్పమంటారు అంది.

వెనక గోడ వైపు తిరిగి చూశాను. నిజమే, ఫ్రేమ్ ఉంది. బంగారు రంగుది.

మార్చి 14

మూడు రోజులు పాత డేటా తవ్వాను, ఆ పిల్లది తప్పని నిరూపించడానికి. నిరూపించలేకపోయాను. నాదే తప్పని కూడా తేలలేదు. మచ్చలు నేను అప్పట్లో నిజంగానే సరిగా చూసుకోలేదు. తొందరపడ్డాను. ఇంకెవరో ముందు చెప్పేస్తారేమోనన్న భయం.

సిగ్గేసింది. దాంతో పాటు ఓ పక్క గర్వంగా కూడా ఉంది, ఇంత గట్టి పిల్ల నా దగ్గర తయారైందని. ఆమెకి మాత్రం చెప్పను, నెత్తికెక్కుతుంది. లేదు, రేపు చెబుతాను.

మార్చి 15

చెప్పాను. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. థాంక్స్ కూడా అనలేదు, ఫ్రీస్‌లాండ్ మొద్దు.

ఆగస్టు 19

డేటా దిగింది. ఎవరి లెక్క వాళ్లం చేస్తాం, పూర్తయ్యేదాకా ఒకరి గ్రాఫ్ ఒకరం చూడం. తర్వాత రెండూ ఒకే బల్ల మీద పెడతాం. నీళ్లుంటే గీత మధ్యలో గుట్టలా లేస్తుంది. లేకపోతే చదును.

గుట్ట లేవాలని దేవుణ్ణి అడిగాను. నాకు దేవుడి మీద నమ్మకం లేదని ఆయనకీ తెలుసు.

సెప్టెంబరు 11

నా లెక్క అయింది. ఏం వచ్చిందో ఇక్కడ కూడా రాయను. సీట్‌స్కె తనదీ అయిందని చెప్పి కిటికీ వైపు చూస్తూ నిలబడింది. రేపు పన్నెండింటికి.

సెప్టెంబరు 12, శుక్రవారం

రెండూ చదునే.

ఆ గ్రహం మీద పదకొండేళ్లు నీళ్లున్నాయి. ఇవాళ మధ్యాహ్నం నుంచి లేవు.

సీట్‌స్కె ఏడ్చేసింది. ఓడింది నేను, ఓదార్చిందీ నేనే.