దొరసాని గీసిన బొమ్మ

మేడ్చల్,
సోమవారం, 11 ఫిబ్రవరి 1946.

ప్రియమైన మనోరమకు,

దేవుని దయవల్ల ఇక్కడ మేమంతా కుశలం. శామీర్‌పేటలో నువ్వూ, మీ అమ్మగారూ, నీ బడిపిల్లలూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. బొమ్మ నాకు దక్కినందుకు సంతోషమని రాశావు. చూడడానికి ఆదివారం వస్తానన్నావు. ఈ ఆదివారం రావద్దు.

మిషన్ బంగళాలో మిస్సమ్మ పెట్టె నువ్వు చూశావు కదా. యాభై ఏడేళ్ల కిందట లండన్‌లో ఒక నాటకాల కంపెనీ యజమాని మన దేశపు కథ ఆడించబోతూ ఆమె తండ్రి పాదిరిగారికి రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. బెస్త స్త్రీ కొంగు ఏ భుజం మీద వేసుకుంటుంది? కడియాలు ఇత్తడివా, వెండివా? చేపల గంప తల మీదా, నడుము మీదా? మొత్తం నలభై ఒక్క ప్రశ్నలు. వేషం తప్పితే అక్కడి పత్రికలు ఎగతాళి చేస్తాయట. పాదిరిగారు, ఆయన భార్య దొరసాని జవాబులు రాసి నకళ్లు దాచుకున్నారు. దొరసాని ఒక స్త్రీని వరండాలో నిలబెట్టి బొమ్మ గీసి పంపింది. నాటకం అయ్యాక అది తిరిగి వచ్చింది. వీటన్నిటినీ పుస్తకంగా వేయాలని మిస్సమ్మ కోరిక. చదవడానికి ఆమెకు చూపు ఆనదు. నేను చదువుతాను, ఆమె వింటుంది, తర్వాత శుభ్రంగా రాసిపెడతాను. పద్నాలుగు నెలలుగా ఇదే నా పని.

ఆ బొమ్మలోది తానేనని మా ఎలీషమ్మ అవ్వ చర్చిలో అందరికీ చెప్పేది. మా ఇంటికి ఉన్న గొప్ప అదొక్కటే. వచ్చే నెల ఇంగ్లండు వెళ్లిపోతూ, మిస్సమ్మ ఆ బొమ్మను ఆ స్త్రీ మనవరాలికే ఇస్తానంది.

నీతో ఒక మాట దాచను. డిసెంబరులో నువ్వు ఒక్క పూట బంగళాకు వచ్చావు. కంపెనీ యజమానిలా గొంతు మార్చి ప్రశ్నలు చదివావు. మిస్సమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఇన్నాళ్లూ నాకు ముక్కాలిపీటే. నీకు తన తండ్రి కుర్చీ వేయించింది. ఈ నవ్వు చిన్నప్పుడెక్కడో చూశాను, ఎవరిదని వారం రోజులు నన్నే అడిగింది. నాకు తెలియదన్నాను. వెళ్తూ నువ్వు నా బుగ్గ గిల్లి, "గింత సక్కగ రాస్తవు, మాట బయటికి రాదేందే నీకు" అన్నావు. ఆ మంట ఇంకా పోలేదు.

బొమ్మకు నాయిన అద్దం కట్టించి గోడకు తగిలించాడు. అవ్వ దగ్గరికి వచ్చి వేలితో తడిమింది. ముఖాన్ని కాదు, చీర అంచును. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు దాన్ని దించమంది. అవ్వకు మతి తప్పుతోందని నాయిన అన్నాడు.

మీ అమ్మగారికి నా వందనాలు చెప్పు.

నీ స్నేహితురాలు,
ఎస్తేరు

తా.క. ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. నువ్వు వచ్చి వెళ్లిన వారానికి, దొరసాని రాసిన జవాబు చదువుతూ ఒక వాక్యం వదిలేశాను. బొమ్మలోది శామీర్‌పేట దానమ్మ అనీ, చీర మాత్రం ఆమె స్నేహితురాలిదనీ ఉంది. దానమ్మ మీ అవ్వ. ఇక బొమ్మ కూడా నీకేనా అనుకున్నాను.

నిన్న మా అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "అది దానమ్మనే బిడ్డా. దాని చీర చినిగిందని నాది ఇచ్చిన. నన్ను గీయమని అడ్గ నోరు రాలే. తలుపు ఎనక నిలవడి చూసిన. అది సచ్చినంక నేనే అని చెప్పుకున్న" అంది.

ఈ పొద్దున ఆ వాక్యం మిస్సమ్మకు చదివి వినిపించాను. పుస్తకంలో పేరు దిద్దమంది. ఇంకేమైనా వదిలేశావా అని అడిగింది. లేదన్నాను. నమ్మిందో లేదో తెలియదు.

రేపు ముత్తయ్య బండి మీ ఊరికి వస్తుంది. బొమ్మ అందులో పంపుతున్నాను. నవ్వు మీ అవ్వదే. ఎవరైనా చూడవస్తే చీర మాత్రం మా అవ్వదని చెప్పు. మరచిపోకు.