ఆ పదకొండు మంది రోగులూ నేనే

మొగలితిప్ప,
19-7-1957

తాలూకా హెల్తు ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు,

మొగలితిప్ప గ్రామము, చర్చి వీధి కాపురస్థుడు, కాలువ పడవ సరంగు సమాధానం గారి కుమార్తె, హైస్కూలు అయిదవ ఫారం విద్యార్థిని ఎలిశబెతు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధిలో ఫ్లూ జ్వరము సోకినట్లు తమ రిజిస్టరులో నమోదైన పదకొండు మందిలో పది మందిని కొట్టివేయుట గురించి, మిగిలిన ఒక్కరికి, అనగా నాకు, ఊపిరి పీల్చుకొనుటకు అనుమతి ఇప్పించుట గురించి.

మనవులకు అంకెలు వేసినచో పెద్దలు చివరివరకు చదువుదురని మా తెలుగు అయ్యవారు చెప్పియున్నారు. కనుక వేయుచున్నాను.

1. నాకు నాలుగవ ఏట నుండి ఉబ్బసము ఉన్నది. ఇది అంటువ్యాధి కాదు. పన్నెండేండ్లుగా మా అమ్మ ఎస్తేరమ్మ నా పక్కనే పడుకొనుచున్నది, ఆమెకు ఇంతవరకు అంటలేదు. ఉబ్బసము వచ్చినప్పుడు ఊపిరి లోపలికి ఎట్లో పోవును గాని వెలుపలికి వచ్చుటకు దారి దొరకదు. రొమ్ములో పిల్లికూతలు వినబడును. మా వీధి పసిపిల్లలు నా వీపునకు చెవి ఆనించి, పిల్లి ఎన్ని పిల్లలను పెట్టినదో చెప్పుదురు. మొన్న ఆరు అని చెప్పినారు. జ్వరము మాత్రము ఉండదు. ఒళ్ళు కుండలో నీళ్ళవలె చల్లగా ఉండును. ఈ ఒక్క సంగతి తమరు మనసునందు ఉంచుకొనవలెను.

2. నా జబ్బునకు పొగ గిట్టదు. మా బ్రతుకు పొగతోనే నడుచును. అమ్మ బొరుగులు వేయించి అమ్మును. మా ఇంటి ముందు పంచలోనే బట్టీ. వరిపొట్టు, సరుగుడు ఆకు వేసి తెల్లవారినది మొదలు పొద్దు వాలువరకు మండించును. నాన్న పడవతో చెన్నపట్నము పోయినచో పదిహేను దినములకు గాని రాడు. ఆ బట్టీ ఆరిన దినమున మా ఇంట అన్నము కుండ కూడా చల్లగానే ఉండును.

దీనికి మా వీధివారు చాలా కాలము క్రిందటనే ఒక ఉపాయము చేసియున్నారు. ఏ వేళకు ఎవరింట పొయ్యి ఆరియుండునో ఆ వేళకు నేను వారింట కూర్చుందును. హెబ్రోను మామ ఇంట ఉదయము చద్దన్నము, కనుక పది గంటల వరకు అక్కడ. ఏసుమణి అక్క మధ్యాహ్నమే రాత్రికి కూడా వండివేయును, కనుక సాయంకాలము అక్కడ. ఈ విధముగా పది ఇండ్లు. మా వీధిలో ఏ ఇంట ఎప్పుడు పొయ్యి రాజునో నాకు బడి టైంటేబిలు కన్న బాగుగా తెలియును. జ్వరము భయముచేత బడి మూసియున్నందున ఈ నెలలో దినమంతయు ఇదే పని అయినది.

వీధి మూలన వెంకటశేషమ్మ అవ్వగారి ఇల్లు కూడా ఉన్నది. వారు రైతులు, మా వీధివారు కారు. కాని వారి అరుగు మా వీధిలోనికి వచ్చియున్నది, తూర్పుగాలి మొదట ఆ అరుగునే తాకును. అక్కడ నేను అరుగు మీదనే కూర్చుందును. గడప దాటు ఆచారము లేదు. ఆమె అల్లము కషాయము కాచి, నాకై చూరులో వేరుగా పెట్టిన లోటాలో, గడప లోపలి నుండి వంచి పోయును. కషాయము బహు ఘాటుగా ఉండును, మంచిది.

3. ఓడలో వచ్చి చెన్నపట్నమున దిగిన ఫ్లూ జ్వరము పడవలలో మా వైపు రావచ్చునని తలచి, తమరు మా గ్రామ తలారి ముత్యాలయ్య గారికి ఒక పని అప్పగించితిరి. ప్రతి సాయంకాలము ప్రతి వాకిలి ముందు నిలబడి వినవలెను, లోపలికి పోరాదు, దగ్గు వినబడిన ఇంటి తలుపునకు సున్నముతో అడ్డగీత గుర్తు పెట్టవలెను. ముత్యాలయ్య తాత పనిదొంగ కాడు. ఒక దినము ఏసుమణి అక్క ఇంట నేను దగ్గితిని, గుర్తు పెట్టినాడు. మరునాడు ఆమె ఇంట చుట్టములు వచ్చి పొయ్యి వెలిగించినందున నేను పక్కింట దగ్గితిని, అక్కడను పెట్టినాడు. మా ఇంటితో కలిపి పదకొండు తలుపులకు పదకొండు గుర్తులు పడినవి.

నేను అడిగితిని: "దగ్గింది నేనే గదా తాతా? నా దగ్గు నీకు తెలవదా?"

"ఎందుకు తెలవదు పాపా, నీ చిన్నప్పటి నుంచి వింటా ఉండా. కానీ ఎవురు దగ్గినారో చూడమనలా. ఏ ఇంట్లో ఇనబడిందో అది చూడమన్నారు. మనిషిని జూస్తే మళ్ళా మొగమాటం."

వెంకటశేషమ్మ అవ్వ తలుపునకు మాత్రము గుర్తు పెట్టలేదు. అరుగు మీది దగ్గు ఇంటి లెక్కలోనికి రాదని ఆయన స్వయముగా నిర్ణయించినాడు.

4. ఈ నెల 13వ తేదీన తమరు దయచేసితిరి. సైకిలు దిగలేదు. ఒక కాలు నేలపై ఆనించి, జేబురుమాలు ముక్కునకు కట్టుకొని మా వీధిని తిలకించితిరి.

"పదకొండిళ్ళా! ఒక్క వీధిలో! చావులెన్ని?"

"చావులు లేవు సార్" అని ముత్యాలయ్య తాత.

"ఎందుకు లేవు?"

హెబ్రోను మామ చేతులు కట్టుకొని, "తమరు ఇంకా నాలుగు దినాలు ఆగి వచ్చుంటే చూసేవాళ్ళం సార్" అన్నాడు. ఆయన మాట తీరే అంత, మనసులో పెట్టుకొనవద్దు.

అప్పుడు అమ్మ నన్ను చేయి పట్టి ఈడ్చుకొని వచ్చి, "అయ్యా, ఒక్కసారి మా బిడ్డ నొసలు తాకి చూడండయ్యా. చల్లగా ఉండాది. ఇది జొరం గాదు, ఉబ్బసం" అని మొరపెట్టుకొన్నది. దురదృష్టవశమున నాకు ఆ క్షణముననే దగ్గు వచ్చినది. తమరు సైకిలు మీదనే ఉండి, సైకిలును పది గజములు వెనుకకు నడిపితిరి. మా ఊరిలో సైకిలు తొక్కువారు ఏడుగురు ఉన్నారు గాని ఈ విద్య ఎవరికిని రాదు.

తరువాత చావడి గోడకు తమ ఉత్తరువు అంటించిరి. ఆయాసముతోనే పోయి ఎత్తి వ్రాసుకొంటిని: "గుర్తు గల ఇంటివారు గుర్తు లేని ఇంట అడుగు పెట్టరాదు. గుర్తు లేని ఇంటివారు గుర్తు గల ఇంట అడుగు పెట్టరాదు. మీరినవారు శిక్షార్హులు." శిక్షార్హులు అను మాట నాకు మిక్కిలి నచ్చినది. అది నాకు కూడ వర్తించునని తోచిన పిదప అంతగా నచ్చలేదు. ఆ సాయంకాలము ముత్యాలయ్య తాత తప్పెట వేసి, "ఎవురింట్లో వాళ్ళు ఉండాలహో! ఇల్లు మారితే శిచ్చ హో!" అని చాటినాడు.

5. నాటి నుండి ఆరు దినములు నేను మా ఇంటనే, మా బట్టీ ప్రక్కన ఉన్నాను. సముద్రపు ఒడ్డున మంచి గాలి ఉన్నది గదా అని తమరు అనవచ్చును. అది రెండు మైళ్ళు. ఆయాసము వచ్చిన వేళ నేను బావి వరకు పోలేను.

మంగళవారము మధ్యాహ్నము ఎక్కువైనది. అమ్మ తొందరలో బట్టీ మీద కడివెడు నీళ్ళు కుమ్మరించినది. తడిసిన పొట్టు ఇంకను ఎక్కువ పొగ వదలునని ఆమెకు తెలియక కాదు, ఆ వేళకు తోచలేదు. ఇద్దరము తలుపు సందున ముఖములు పెట్టుకొని కూర్చుంటిమి. "రేపట్నుంచి బట్టీ ఎయ్యను తల్లీ, పస్తులైనా సరే" అన్నది. బదులు చెప్పుటకు నాకు ఊపిరి చాలలేదు. నా చిన్ననాటి పలక మీద వ్రాసి చూపితిని. అమ్మకు చదువు రాదు. పలకను గడపలో నిలబడి పైకెత్తి పట్టుకొన్నది. ఎదురింటి గడపలో నుండి ఏసుమణి అక్క బిగ్గరగా చదివినది: "బట్టీ మానొద్దు, నేను చూసుకుంటాను, అని రాసింది పిన్నీ."

అయ్యా, నేను చూచుకొనలేను. ధైర్యమునకు వ్రాసితిని. ఆ పూట ఊపిరి మరల రాదనుకొంటిని. మా వీధివారందరును తమ తమ గడపలలో నిలబడి మమ్ము చూచుచుండిరి. ఆడవారు ఏడ్చుచుండిరి. ఒక్కరును దాటి రాలేదు. తమ ఉత్తరువునకు మా వీధిలో అంత మర్యాద జరిగినది.

6. కావున తమరు ఒకసారి సైకిలు దిగి నా నొసలు తాకి చూడవలెననియు, పది ఇండ్ల గుర్తులు తుడిపించవలెననియు, నా కొరకు రిజిస్టరులో ‘ఉబ్బసము’ అని వేరొక గడి గీయించి, ఆరిన పొయ్యి గల ఇంటికి పోవుటకు నాకు వ్రాతమూలకముగా అనుమతి ఇప్పించవలెననియు ప్రార్థించుచున్నాను. గడి గీయుటకు స్కేలు లేనిచో నాది పంపగలను.

ఇంకను మంచి మాటలు కొన్ని దాచియుంచితిని గాని ఆయాసము వలన ఇక్కడ ఆపుచున్నాను. చిత్తగించవలెను.

ఊపిరి ఆడినంతవరకు,
తమ విధేయురాలు,
స. ఎలిశబెతు

తాజా కలము: ఈ అర్జీని తమ వద్దకు తెచ్చువాడు ముత్యాలయ్య తాతయే. తాను ఏమి మోసుకొని పోవుచున్నాడో తనకు తెలియవలెనన్నాడు. అతడు వీధిలో, నేను మా గడపలో నిలబడి బిగ్గరగా చదివితిని. వీధి అంతా విన్నది. తమ ఉత్తరువు దగ్గరకు రాగానే తాత చేయి ఎత్తినాడు.

"ఆగు పాపా. అది మళ్ళా సదువు."

చదివితిని. మూడు మార్లు చదివించినాడు.

"గుర్తు ఉండే ఇంటోళ్ళు గుర్తు లేని ఇంట్లోకి పోగూడదు. సరే. గుర్తు ఉండే ఇంటోళ్ళు గుర్తు ఉండే ఇంట్లోకి?"

కాగితము చూచితిని. తిరగేసి కూడ చూచితిని. "దాని మాట ఎత్తలేదు తాతా."

"పదకొండిళ్ళకూ గుర్తు ఉండాది గదా? నేనే పెడితిని."

"మరి నువ్వే గదా ఎవురింట్లో వాళ్ళు ఉండాలని తప్పెటేసినావు!"

"అంత పొడుగు మాట తప్పెట మీద యాడ పలుకుద్ది పాపా? పొట్టి జేసినా."

రెండుమార్లు ఎత్తి వ్రాసిన నాకు కనబడనిది, అక్షరము రాని తాతకు వినబడినది. ఈ తాజా కలము నేను హెబ్రోను మామ ఇంట కూర్చుండి వ్రాయుచున్నాను. ఇక్కడ పొయ్యి ఆరియున్నది. కనుక పైన ఆరవ మనవి రద్దు. దయచేసి ఎవరి గుర్తును తుడిపించవద్దు. మేము పదకొండు ఇండ్లవారమును జబ్బుతోనే ఉందుము. తమ దయవలన అందరమును కులాసా.

ఇంకొక్క సంగతి. ఇదంతయు వెంకటశేషమ్మ అవ్వ తన అరుగు మీద నుండి విన్నది.

"ఏం ముత్యాలూ, నా ఇంటికి గుర్తెందుకు పెట్టలా?"

"అరుగు మీది దగ్గు ఇంటి లెక్కలోకి రాదు గదమ్మా."

ఆమె వక్కాకు సంచి విప్పి, వేలితో సున్నము తీసి, తన తలుపునకు తానే అడ్డముగా గీత గీసినది. నా వైపు తిరిగి, "ఏమే, లోపలికొచ్చి దగ్గు. లేకపోతే ఈయన మళ్ళా లెక్కలోకి రాదంటాడు" అన్నది.

పోయి దగ్గితిని. చూరులోని లోటా చూరులోనే ఉన్నది, కషాయము వారి ఇత్తడి గ్లాసులో త్రాగితిని. కావున తమ రిజిస్టరులో పదకొండును పన్నెండుగా దిద్దుకొనవలెను.