ఉప్పుకాలవ నీళ్లు

టైటస్ అన్నకు,

ఫోన్ చేస్తే మళ్లీ నీతో వాదనకు దిగుతానని, ఈ కాగితం నీ మోటారు షెడ్డులో పెట్టి పోతున్నాను.

పోయిన నెల నువ్వు మా గట్టు మీదికొచ్చి, "నా గుంటలో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగులుకునింది. ఆ నీళ్లు కాలవలో కలిసినాయి. పది రోజులు కాలవ నీళ్లు తోడబాక తమ్ముడా" అన్నావు. నేను నమ్మలేదు. ప్రతి పంటకూ నా రొయ్య కంటే నీ రొయ్యే లావు. కొనేవాళ్ల లారీ ముందు నీ గట్టు దగ్గరే ఆగేది. నన్ను ఆపి నీళ్లన్నీ నువ్వే తోడుకుంటావనుకుని, ఆ సాయంత్రమే మోటారు వేశాను. వారానికల్లా నా రొయ్యలన్నీ చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి.

దాచుకోకుండా చెప్పిన నిన్ను ఊళ్లో నలుగురి ముందు దొంగవన్నాను. తప్పు నాదే.

నా గుంట నీళ్లు కాలవలోకి పోకుండా తూము మూసేశాను. అయినా గట్టులోంచి నీళ్లు కాలవలోకి ఊరుతున్నాయి. నీళ్లు తోడొద్దని కింది గుంట వినీలకు నేనే వెళ్లి చెప్పాను. "నీది పోయిందని మాది గూడా పోవాల్నా?" అనింది. నేను నీ గురించి అనుకున్నదీ ఇలాంటిదే.

రేపు పొద్దున నువ్వెళ్లి ఒక్క మాట చెప్పన్నా. నువ్వు చెబితే వింటుంది. నీ మాటకున్న ఆ విలువ చూసినా నాకు కుళ్లుగానే ఉంది. అయినా వెళ్లు.

నీ పక్క గుంట తమ్ముడు