రిజిస్టరులో తొమ్మిదిమంది

ఆగస్టు 18, సోమవారం

లంక బడికి వెళ్ళాను. గోదారి పొంగి, కాజ్‌వే మీద నడుం లోతు నీళ్ళు — పడవే గతి. లైఫ్ జాకెట్ తొడిగి, తాళ్ళు బిగించి, ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టి కూర్చోబెట్టారు. ఎంఈఓగా ఛార్జి తీసుకున్నాక ఇదే మొదటి పడవ తనిఖీ.

పని చిన్నదే. పదిమంది పిల్లలు లేని బడిని పక్క బడిలో కలిపేయాలట. లంక బడికి పక్క బడి అంటే ఏటి అవతలిదే. ఇక్కడ ఎంతమందున్నారో నేను రాసివ్వాలి. సెప్టెంబరు అయిదు ఆఖరు.

రిజిస్టరులో తొమ్మిదిమంది. చాపల మీద పదిహేనుమంది!

రిజిస్టరులో ఉండి బడిలో లేని పిల్లల్ని నా సర్వీసులో బోలెడుమందిని చూశాను. బడిలో ఉండి రిజిస్టరులో లేనివాళ్ళని చూడటం ఇదే. ఉన్న ఒక్క టీచరూ సుజాత. అడిగితే, "చుట్టాలొచ్చారండి..." అంది. ఆరుగురూనా? ఒకేసారా? నవ్వాపుకున్నాను. అబద్ధమాడటం కూడా రాదు పాపం.

ఆగస్టు 19

ఎవరా ఆరుగురు? ఆఫీసులో కూర్చున్నా అదే ధ్యాస.

ఆగస్టు 21, గురువారం

చెప్పకుండా మళ్ళీ వెళ్ళాను, సరిగ్గా అన్నాల వేళకి. తొమ్మిదిమంది కంచాల్లో బడి అన్నం, గుడ్డు. ఆ ఆరుగురి ముందూ ఇంటి కేరేజీలు. రిజిస్టరులో పేరు లేనివాళ్ళకి బడి అన్నం పెట్టదట సుజాత. అంత నిక్కచ్చి మనిషి! ఆవిడ అటు తిరగ్గానే మాత్రం సగం గుడ్డుకి వంకాయ వేపుడు బేరం అయిపోతోంది. చూడనట్టు ఊరుకున్నాను.

కేరేజీ సంచుల మీద బొమ్మ — ఏటి అవతల రోడ్డు పక్కనున్న ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిది. అదీ సంగతి!

సుజాత ఒప్పేసుకుంది. "కాజ్‌వే మునిగితే ఆళ్ళ వ్యాన్ రాదండి. ఇంట్లో ఉంటే గట్టెంబడి తిరుగుతారని తల్లులు ఇక్కడ దింపేత్తారండి. నీరు లాగాక ఎళ్ళిపోతారు. ఏటా ఇంతేనండి."

"మరి మీరెలా వస్తున్నారమ్మా, రోజూ?"

"పడవలోనండి."



ఆగస్టు 25

జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి, వరదకొచ్చే పిల్లల్ని ఏ గడిలో రాయాలని సూపరింటెండెంటుగారిని అడిగాను. "గడి ఒక్కటేనండి మేడంగారూ. పేరుంటే ఉన్నట్టు, లేపోతే లేనట్టు." ఆయన మాత్రం ఏం చేస్తారు.

ఈ బడి ఎత్తేస్తే వరద రోజుల్లో పదిహేనుమందికీ బడి లేదు. ఒక్క పేరు. ఒక్కటంటే ఒక్కటి చాలు.

ఆగస్టు 28

చవితి మర్నాడు. ఆరుగురి అమ్మానాన్నల్నీ లంక బడికే పిలిపించాను. మిగిలిన ఉండ్రాళ్ళు కూడా తెచ్చారు, మర్యాదకేం తక్కువ లేదు. కొబ్బరి వ్యాపారం శ్రీనుగారు అందరికంటే ముందు లేచారు — "ఈ బడి ముయ్యడానికి ఈల్లేదండి! సంతకాలెట్టమంటే ఎట్టేత్తాం!"

"సంతకాలొద్దండి. మీ నవ్య పేరు ఇక్కడ రాయించండి."

"అమ్మమ్మమ్మ! పేరు అక్కడే ఉండాలండి. బడి ఇక్కడుండాలి."

ఒళ్ళు మండింది. అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎలాగండీ అనేశాను.

అప్పుడు వెనక నుంచి ఆయన భార్య దుర్గగారు, నెమ్మదిగా — "మీ పిల్లలు ఏ బళ్ళో చదివారండి మేడంగారూ?"

"ఒక్కతే అమ్మాయండి... ప్రైవేటే" అన్నాను.  సిగ్గుతో చచ్చిపోయాను. పడవ ఎక్కేదాకా తలెత్తలేదు.

ఆగస్టు 31, ఆదివారం

రాజమండ్రి ఫోన్ చేశాను, మా అమ్మాయి హారికకి. "చిన్నప్పుడు అమ్మ నన్ను తను పాఠాలు చెప్పే బళ్ళో ఎందుకు వెయ్యలేదా అని ఎప్పుడైనా అనుకున్నావే?"

"అనుకోవడమేంటమ్మా! నీతో వస్తానని నీ స్కూటీ పట్టుకుని ఏడ్చేదాన్ని కదా. నువ్వే నా వేళ్ళు ఒక్కోటీ విడదీసి ఆటో ఎక్కించేదానివి. మర్చిపోయావా?"

మర్చిపోయాను. నిజంగానే... ఎలా మర్చిపోయానో!

సెప్టెంబరు 2

గోదారి తగ్గుతోంది. ఊరంతా సంతోషం. నాకే దిగులు.

సెప్టెంబరు 3

దుర్గగారింటికి వెళ్ళాను, ఒక్కదాన్నే. హారిక చెప్పిన మాట చెప్పాను — స్కూటీ, వేళ్ళు, అన్నీ. "నవ్యని చేర్పించమని అడగడానికి రాలేదండి. మొన్న మీరడిగారు కదా, పూర్తి జవాబు చెప్పిపోదామని..."

కొబ్బరి బొండం కొట్టిచ్చారు. "ఆయన ఒప్పుకోరండి."

"నవ్యేమంటుంది?"

"దాన్నెవరడిగారండి?" అని నవ్వారు. నవ్వేసి, దండెం మీద ఆరేసిన నవ్య యూనిఫాం వైపు చూశారు.

సెప్టెంబరు 4, గురువారం

కాజ్‌వే తేలింది. ఒకటే బురద. వ్యాన్ రాకముందే వెళ్ళి నిలబడ్డాను. ఎందుకొచ్చావంటే ఏం చెప్పను? చూద్దామని. అంతే.

టైలు, బూట్లు. అయిదుగురు ఎక్కారు. నవ్యకీ టై కట్టే ఉంది. దుర్గగారు చెయ్యి పట్టుకుని వ్యాన్ తలుపు దాకా తీసుకొచ్చి, ఆగిపోయారు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ వంగి కూతుర్ని అడిగారు — "ఎక్కుతావా... టీచరు దగ్గరికెళ్తావా?"

నవ్య వాళ్ళమ్మ మొహంలోకి చూసింది, నిజంగా అడుగుతోందా అన్నట్టు. తర్వాత ఆ బురదలోనే కూర్చుని బూట్లు విప్పడం మొదలెట్టింది.

వ్యాన్ వెళ్ళిపోయింది.

అటుగా వచ్చిన శ్రీనుగారు బండి ఆపారు. కూతురి బూట్లు చూశారు, భార్యని చూశారు, నన్ను చూశారు. "ఏంటిదంతా?"

"పిల్లనడిగానండి" అన్నారు దుర్గగారు.

పేరు ఇక్కడికి మారాలంటే టీసీ దరఖాస్తు మీద సంతకం ఆయనదే కావాలి.  ఆయన బండి స్టార్ట్ చెయ్యలేదు.

రేపే అయిదో తారీఖు. నేను రాసివ్వాల్సిన గడి ఇంకా ఖాళీగా ఉంది.