ఒంటిచేతి చాకు

యాడికి,
జూన్ 2

బెంగుళూరులో ఉండే అంజినప్పకు,

యాడికి ఊర్లో ఉండే చెన్నమ్మ రాస్తాండా. మొగుడి పేరు పెట్టి రాసిందేమని అనుకోబాకు. ఇంకేమని పిలవాలో నాకు తోచలా. ఫోన్ చేస్తే నీ గొంతు వినాల, అందుకే కాగితం. నువ్వు చేసినా ఎత్తను.

నాకొక చాకు కావాల. నువ్వు పనిచేసే అంగట్లో కొండలెక్కేవాళ్ళ సామాన్లు అమ్ముతారు కదా, ఆడ ఒంటిచేత్తో తెరుచుకునే మడత చాకులు దొరుకుతాయని పక్కింటి బయ్యన్న చెప్పినాడు. పోయిన కార్తీకంలో చెనిక్కాయల మిషన్లో చెయ్యి పడినప్పటి నుంచి పాత చాకును పళ్ళతో పట్టుకొని తెరుస్తాండా. మొన్న పెదవి తెగింది. గొర్లకు గిట్టలు పెరిగి కుంటుతాండాయి. కోసేవాళ్ళు లేరు. ఎవరినని అడుక్కునేది?

చెయ్యి పోయిన దినం నీకు ఫోన్ చేయిస్తే, "ఓనరు లీవు ఇయ్యలేదు" అని చెప్పి దుడ్లు పంపినావు. ఆ దుడ్లు ముట్టుకోలా, అట్లనే ఈ కవర్లో పెట్టినా. చాకు అందులోనే కొను. ఊరికే ఏమీ పంపబాకు.

చెన్నమ్మ


బెంగుళూరు,
జూన్ 11

ప్రియమైన చెన్నమ్మకు,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు కోడి గెలికినట్ల ఉండాయి. రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలా. ఏడో తరగతి దాకా చదివినదానివి, కోపంలో రాస్తే ఇంతే.

గొర్లు అమ్మేసి ఈడికి వచ్చేయమని ఎంత మొత్తుకున్నా? విన్నావా? వచ్చింటే మిషన్ కాడికి పోయేదే లేదు, చెయ్యి పోయేదే లేదు. నువ్వు గొర్లనే కట్టుకున్నావు, నన్ను కాదు. ఇప్పుడు తప్పంతా నాదేనా?

చాకు పంపుతాండా. ఫ్లిప్పర్ అంటారు దీన్ని. బ్లేడు వెనక చిన్న కొమ్ము మాదిరి ఉంటాది, చూపుడువేలితో నొక్కితే టక్కున బయటికి వస్తాది. చైనాది. అగ్గువ. గొర్ల గిట్టలకు ఇంతకంటే ఏం కావాల?

నీ మొగుడు
అంజినప్ప


యాడికి,
జూన్ 29

అంజినప్పకు,

"ప్రియమైన" అని రాసి కింద తిట్లు రాసినావు. ఆ మాట వద్దులే, సిరా దండగ.

నీ చైనా చాకు వారం తిరక్కముందే దుమ్ము పట్టి బిగుసుకుపోయింది. నూనె వేసి తెరిచి గిట్ట కోస్తాంటే లాకు జారి, బ్లేడు మడుచుకొని వేలి మీద పడింది. ఉండే వేళ్ళు కూడా పోవాలనా నీ ఆలోచన? తిప్పి పంపుతాండా. మీ ఓనరుకే ఇయ్యి, కూరగాయలు కోసుకుంటాడు.

గాలిమరల కాడికి వచ్చే ఇంజనీరు దగ్గర అమెరికాలో చేసిన చాకు ఉండాది. చూస్తానంటే చేతికిచ్చినాడు. నొక్కితే తెరుచుకుంది, బండకేసి ఒత్తినా మడుచుకోలేదు. అట్లాంటిది కావాల. ఆయప్పది మాత్రం మనకు అందే ధర కాదంట. తక్కువలో ఉంటే చూడు. లేకుంటే లేదని ఒక్క మాట రాయి. గొర్లను కట్టుకున్నానో, మొగున్ని కట్టుకున్నానో నాకు తెలుసు. గొర్లు సాయంత్రమైతే ఇంటికి వస్తాయి.

చెన్నమ్మ


బెంగుళూరు,
జూలై 15

చెన్నమ్మకు,

నీ నోటికి దండం. అమెరికా చాకులంటే చెనిక్కాయలు కొన్నట్ల కాదు. చాన్నాళ్ళు వెతికినా. మన ధరలో రెండు దొరికినాయి. ఒకదాంట్లో బేరింగు గుండ్లుండాయి, వెన్న మాదిరి తెరుచుకుంటాది. ఓనరు అదే తీసుకోమన్నాడు. నేనే వద్దన్నా. మన ఎర్రమట్టి ఆ గుండ్లలో పడితే మళ్ళీ బిగుసుకుంటాది. రెండోదానికి గుండ్ల బదులు కంచు బిళ్ళలు, వాషర్లంటారు. కొంచెం గట్టిగా ఉంటాది గానీ దుమ్ముకు ఆగుతాది. ఉక్కు, పని అంతా అమెరికాదే. పిడి నైలాను, అందుకే ధర దిగింది. షోకేసులో గీతలు పడినాయని ఇంకా తగ్గించినారు. అదే పంపుతాండా.

మూయాలంటే లోపలుండే ఇనుప పట్టీని బొటనవేలితో పక్కకు తోస్తే చాలు. అంగట్లో అందరం ఒంటిచేత్తో తెరిచి మూసి చూసినాం. దీనికి కూడా వంక పెడితే తప్పు చాకులో లేదు, నీలో ఉండాది.

అంజినప్ప


యాడికి,
జూలై 30

అంజినప్పకు,

చాకు మంచిదే. తెరుచుకుంటాది, జారదు. మూయడం నా వల్ల కాలా. ఆ పట్టీ కుడిచేతి బొటనవేలికి అందేట్టు పెట్టినారు. ఎడమచేత్తో తోయబోతే వేళ్ళు బ్లేడు దోవలోకి పోతాండాయి. బొడ్లో దోపుకొనే క్లిప్పు కూడా కుడిపక్కకే. తిప్పి పంపుతాండా.

నాకు పోయింది కుడిచెయ్యి.

ఏ చెయ్యి పోయిందో నువ్వు ఇన్ని నెలల్లో ఒక్కసారి అడగలా. అంగట్లో అందరూ మూసి చూసినారంట! నీ పెండ్లానికి ఏ చెయ్యి ఉండాదో తెలీకుండా యాడ చూసినావప్పా? కోడి గెలికినట్ల ఉండాయన్నావే, ఎడమచేత్తో పలక మీద మళ్ళీ ఓనమాలు దిద్దుకొని రాసిన అక్షరాలు అవి. అట్ల నేర్చుకొని మొదటి ఉత్తరం నీకే రాసినా. తలుచుకుంటే సిగ్గయితాంది.

ఇంక రాయబాకు.

చెన్నమ్మ


బెంగుళూరు,
సెప్టెంబరు 20

చెన్నమ్మా,

రాయొద్దన్నావు. చాకు పంపాల కాబట్టి రాస్తాండా.

నాకు తెలీదు. కుడిచెయ్యని తెలీదు. అబద్ధమెందుకు.

నీ ఉత్తరం వచ్చిన మరుసటి దినం నుంచి అంగట్లో కుడిచేతికి తువ్వాలు చుట్టుకొని పనిచేస్తాండా. పిచ్చి పట్టిందని ఓనరు నవ్వినాడు. అట్టపెట్టెకు టేపు చింపలేకపోయినా. చొక్కా గుండీలు పెట్టుకోలేక బనీనుతోనే కూర్చున్నా. సంగటి ముద్ద నోటికి పోయేలోపల సగం ఒడిలో పడింది. నువ్వు జడ ఎట్ల వేసుకుంటాండావో నాకు అర్థం కాలా.

వచ్చిన చాకులన్నీ ఎడమచేత్తోనే చూసినా. రెండుసార్లు తెగింది. ఇది అమెరికాదే, ఫ్లిప్పరే. పిడికి అడ్డంగా చిన్న కడ్డీ ఉంటాది, ఏ పక్క నుంచైనా వెనక్కి లాగితే మూసుకుంటాది. వేళ్ళు బ్లేడుకు అడ్డం రావు. క్లిప్పు విప్పి ఎడమపక్కకు నేనే బిగించినా. ముందుదాని కంటే కొంచెం ధర ఎక్కువ. పైన పడింది నేను ఇచ్చినా, బిల్లు పెట్టెలోనే ఉండాది. కోపముంటే ఆ దుడ్లు తిప్పి పంపు.

రావాలని ఉండాది. రమ్మంటేనే వస్తా.

అంజినప్ప


యాడికి,
అక్టోబరు 26

అంజినప్పకు,

చాకు అందింది. వాడి చూడకుండా జవాబు రాయకూడదని ఆగినా.

గొర్లన్నిటికీ గిట్టలు కోసినా. కుడి మోచేత్తో అదిమి పెట్టి ఎడమచేత్తో కోస్తాండా. పోయిన వారం పొట్టేళ్ళను టెంపోలో పామిడి సంతకు తీసకపోతాంటే, దోవలో ఒకదానికి మెడకు తాడు బిగుసుకుంది. నాలుక బయటికి వచ్చేసింది. డ్రైవరూ బయ్యన్నా ముడి విప్పను గుంజుతాండారు. గుంజేకొద్దీ బిగుసుకుంటాంది. నేను పైకెక్కి చాకు తెరిచి తాడు కోసేసినా. పొట్టేలు లేచి నిలబడింది. "ఎప్పుడు తీసినావు, ఎప్పుడు పెట్టినావక్కా?" అన్నాడు డ్రైవరు. అప్పటికే మూసి బొడ్లో దోపుకున్నా. సంతలో దానికే మంచి ధర పలికింది.

రమ్మంటేనే వస్తానన్నావు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు నువ్వు వచ్చింటే నీ భుజం మీద పడి ఏడ్చేదాన్ని. జూన్‌లో వచ్చింటే వాకిట్లోనే తరిమేదాన్ని, దిక్కులేక పిలిచినానని నువ్వు అనుకుంటావని. ఇప్పుడు మేపేది, కోసేది, అమ్మేది అన్నీ నేనే చేసుకుంటాండా. జడ కత్తిరించేసినా, మెడ హాయిగా ఉండాది. నువ్వు వచ్చి చేయాల్సిన పని ఈడ ఒక్కటీ లేదు. అందుకే, వస్తే రా.

కోపం తగ్గిందని మాత్రం రాబాకు. తగ్గలా. నువ్వు పైన వేసిన దుడ్లు ఈ కవర్లో పెట్టినా, లెక్క చూసుకో. బస్టాండుకు ఎదురొచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. ఇల్లు యాడుండాదో గుర్తుంటే నడిచి రా.

చెన్నమ్మ