వెంకట్రావు పంపిన అనువాదం

బెజవాడ, 1946
శ్రావణ శుక్రవారం, రాత్రి

బందరు నుంచి వెంకట్రావు ఉత్తరం వచ్చింది. మేమిద్దరం ఎవరికి వారు ఇంగ్లీషులోంచి తెలుగు చేస్తున్న ఆ రష్యన్ కవితకు తన అనువాదం పంపాడు. యుద్ధానికి వెళ్లిన కొడుకు కోసం తల్లి ఎదురుచూసే కవిత. రెండిట్లో ఏది పత్రికకు పంపాలో నన్నే తేల్చమన్నాడు.

తల్లి దుఃఖాన్ని నేను శోకసాగరం అన్నాను. వాడు "కంచంలో అన్నం చల్లారిపోయింది" అని రాశాడు. ఇంగ్లీషులో ఉన్నది రొట్టె. అది పట్టుకుని, మూలానికి ద్రోహం చేశావంటూ రెండు పేజీల జవాబు రాసేశాను.

పోస్టు చేసే ముందు ఎందుకో మా ఆవిడ కమలకు రెండు అనువాదాలూ చదివి వినిపించాను. ఏది ఎవరిదో చెప్పలేదు. అన్నం మాట వచ్చేసరికి, బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆమె తమ్ముడు పటాలంలో చేరి బర్మా వెళ్లి నాలుగేళ్లయింది. కబురు లేదు.

"మా అమ్మ ఇప్పటికీ తమ్ముడికి కంచం పెడుతుంది కదండీ. ఇది రాసినాయన మా ఇంటికి గాని వచ్చాడా ఏంటి?" అంది.

వెంకట్రావు ఆ గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. వెళ్లినప్పుడల్లా ఆ కంచం పక్కనే కూర్చుని భోంచేసింది నేను.

రెండు పేజీలూ చింపేసి, "నీదే పంపు" అని ఒక్క కార్డు రాశాను. మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. కళ్ల ముందున్నది కనబడని నేను ఇన్నాళ్లూ రాసిందంతా వట్టి మాటలేనా?