మూడు మీటింగులకు రాని నాయన

నవంబర్ 8, శనివారం

ఈ రోజు స్కూల్లో పేరెంట్స్ కమిటీ మీటింగ్. టెన్త్ స్పెషల్ బ్యాచ్ గురించి నేనే మాట్లాడాను. ఉన్నవి ముప్పై సీట్లు. అడిగేవాళ్ళు అరవై మంది. జూన్ నుంచి మూడు పేరెంట్స్ మీటింగులకు రానివాళ్ళ పిల్లలను జనరల్ సెక్షన్‌కు మార్చమన్నాను. ఇంట్లో పట్టించుకునేవాళ్ళు ఉంటేనే పిల్లలకు మార్కులు వస్తాయి కదా. హెడ్‌మాస్టర్ మురళీధర్ గారు వెంటనే రాసుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

యూనిట్ టెస్ట్ మార్కులు కూడా ఇచ్చారు. కావ్య ఫస్ట్. మా సాహితి సెకండ్. నాలుగు మార్కులు తేడా.

ఇంటికొచ్చి చెబితే సాహితి ముఖం మాడ్చుకుంది. కావ్య వాళ్ళ అమ్మానాన్నలు గొర్రెల మందతో వినుకొండ దాటి వెళ్ళారట. ఆ పిల్ల ఇక్కడ మేనత్త గురమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. మంద వదిలి వాళ్ళెట్ల వస్తారని నన్ను నిలదీసింది. మనసుంటే వస్తారన్నాను.

నవంబర్ 9, ఆదివారం

సాహితి నాతో మాట్లాడడం లేదు.

నవంబర్ 15, శనివారం

కొత్త లిస్ట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పేర్ల పక్కన కొత్త కాలమ్ ఒకటి. 'పేరెంట్ హాజరు'. కావ్య పేరుకు ఎదురుగా 'లేదు' అని ఉంది. ఎర్ర రంగులో. ఆ పిల్లను జనరల్ సెక్షన్‌కు మార్చారు. ఇంకా నలుగురిని మార్చారు. వాళ్ళ పేర్లు నేను చదవలేదు.

థమ్సప్ బొమ్మ పెట్టాను. నాకంటే ముందే పదకొండు మంది పెట్టి ఉన్నారు.

నవంబర్ 18, మంగళవారం

స్పెషల్ బ్యాచ్ స్లిప్ టెస్ట్‌లో సాహితి ఫస్ట్. నేను సేమ్యా పాయసం చేశాను. అది అలాగే గిన్నెలో ఉంది.

మధ్యాహ్నం మా ఆయన షాపు నుంచి భోజనానికి వచ్చారు. విషయం చెబితే ఆయన అడిగింది ఒకటే. "ఆ గొర్రెలోళ్ళ పిల్ల రాసిందా పరీక్ష?" రాయలేదన్నాను. "మరింకేంది" అని చెయ్యి కడుక్కున్నారు.

ఆయనకు షాపులో పైపులు, ట్యాపులు తప్ప ఏం తెలుసు? నేను సాహితి కోసం ఆ రూల్ పెట్టలేదు. రూల్ అందరికీ ఒకటే.

నవంబర్ 20, గురువారం. ఉదయం 11.00

మురళీధర్ గారి ఫోన్. కావ్య స్కూలుకు రాలేదు. ఏడింటికే బ్యాగు తీసుకుని ఇంట్లోంచి బయలుదేరిందని గురమ్మ చెప్పిందట. వాళ్ళ నాన్న ఫోన్ స్విచ్చాఫ్. కమిటీ మెంబర్‌ను కాబట్టి నాకు చెప్పారట.

గ్రూపులో మెసేజ్ పెట్టారు. కింద ఎవరో రాశారు, తల్లిదండ్రులు దగ్గర లేకపోతే ఇలాగే అవుతుందని. దానికీ థమ్సప్‌లు.

12.15

సాహితిని స్కూల్ నుంచి తీసుకొచ్చాను. కావ్య ఎక్కడికి వెళ్ళిందో తనకు తెలుసు. తెలిసి నాకు చెప్పడం లేదు. ఎందుకే అంటే, "నీకు చెప్తే గ్రూపులో పెడ్తావు" అంది.

నా కూతురు నాతో అన్న మాట ఇది.

12.40

సాహితి వాళ్ళ నాన్నకు చెప్పింది. కావ్య వినుకొండ బస్సు ఎక్కిందట. బయలుదేరుతున్నాం.

నవంబర్ 21, శుక్రవారం. ఉదయం

నిన్న జరిగింది మొత్తం రాయాలి.

కావ్య వెళ్ళింది వాళ్ళ నాయనను తీసుకురావడానికి. ఈ శనివారం మీటింగుకు నాన్న వస్తే మళ్ళీ బ్యాచ్‌లో చేర్చుకుంటామని మురళీధర్ గారు అన్నారట. ఫోన్ కలవక రెండు రోజులు చూసి తనే బయలుదేరింది. మంద ఎక్కడుందో తెలియదు. కాలవ పక్కన ఉందని మాత్రం తెలుసు. పదిహేనేళ్ళ పిల్ల, ఒక్కతే.

ఆయన షాపు షట్టర్ దించి కారు తీశారు. గురమ్మను ఎక్కించుకున్నాం. సాహితి తనూ వస్తానంది, వద్దంటే వినలేదు. త్రిపురాంతకం దాటాక గురమ్మ అంది. "ఇల్లు గలోళ్ళు మీరు. మాకు మంద యాడుంటే ఆడే ఇల్లు. పిల్లకన్నా ఒకచోట ఉండాలని నాకాడ పెట్టినాడు మా అన్న." నన్ను తిట్టలేదు. ఆ రూల్ నాదని ఆమెకు తెలియదు.

వినుకొండ దాటాక కనిపించిన ప్రతి మంద దగ్గరా ఆగాం. కారు ఆగకముందే గురమ్మ గొర్రెల వీపు మీది రంగు గుర్తు చూసి, మాది కాదు పోనీ అనేది. ఐదో మంద దగ్గర తలుపు తీసి పరుగెత్తింది.

కావ్య వాళ్ళ నాన్న గోవిందయ్య సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మొక్కజొన్న కోసిన చేలో గొర్రెలకు దొడ్డిగా వల కడుతున్నాడు. కావ్య అక్కడ లేదు. అసలు వస్తోందనే ఆయనకు తెలియదు. చేతిలో గూటం కింద పడేసి గట్టు మీద కూర్చుండిపోయాడు. వాళ్ళావిడ ఆదెమ్మ ఏడవలేదు. కాలవ వైపు చూస్తూ నిలబడింది. కాలవ నిండా నీళ్ళు.

మా ఆయన, గోవిందయ్య కారులో కాలవ వెంబడి వెతకడానికి వెళ్ళారు. మేం నలుగురం చేలో ఉండిపోయాం. మూడుంబావు నుంచి ఐదింటిదాకా. సాహితి నా పక్కన కూర్చోలేదు, ఆదెమ్మ పక్కన కూర్చుంది.

ఐదు దాటాక కారు వచ్చింది. వెనక సీట్లో కావ్య. ఆరు కిలోమీటర్ల అవతల ఇంకో మంద దగ్గరికి వెళ్ళిందట. అక్కడి పెద్దమనిషి వెంకటస్వామి, ఈ ఎండన ఇంక తిరగొద్దని కూర్చోబెట్టి, అన్నం పెట్టి, తెలిసిన మందలన్నిటికీ ఫోన్లు చేస్తున్నాడట. ఆ పిల్ల మడమలు రెండూ బొబ్బలు. చేతిలో ప్రోగ్రెస్ కార్డు. చెమటకు అంచులు మెత్తబడ్డాయి.

గోవిందయ్య ముందు కూతుర్ని తిట్టాడు. తర్వాత మా వైపు తిరిగాడు. "నేను రాకుంటే నా బిడ్డను ఎందుకు ఎనక్కి పంపినారు సార్? ఎవురు పెట్టినారు ఈ రూలు?"

మా ఆయన నా వైపు చూడలేదు. సాహితి చూసింది.

నేనే పెట్టానన్నాను.

"ఎందుకు తల్లీ?"

పిల్లల మంచికోసం అనే మాట దారి పొడుగునా రెడీగా పెట్టుకున్నాను. నోటికి రాలేదు. మా పాప ఫస్ట్ రావాలని, అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. గొర్రెల వైపు చూసి, తనకు తాను చెప్పుకున్నట్టు చెప్పాడు. "దినామూ ఫోను చేస్తది. ఆ పొద్దు చెప్పిన పాఠం నాకు చెప్తది. నాకు ఏమీ తెలీదు. యాడన్నా తడబడి ఆగితే మాత్రం తెలుస్తది. మళ్ళా చదువుకొని చెప్పమంటా. మూడు దినాల నుంచి కరెంటు లేక ఫోను చచ్చిపోయింది, అంతే."

సాహితి ఏ పాఠం దాకా వచ్చిందో నాకు తెలియదు. మార్కులు తెలుసు. ర్యాంకు తెలుసు.

కావ్యను, గురమ్మను ఇంటి దగ్గర దింపాం. కారు దిగేటప్పుడు కావ్య మా ఆయనకు థాంక్స్ అంకుల్ అని చెప్పింది.

నవంబర్ 22, శనివారం

మీటింగ్. గోవిందయ్య రాలేదు. రాడని నాకు తెలుసు.

లేచి, ఆ రూల్ తీసేయమని అడిగాను. ఎందుకు పెట్టానో కూడా చెప్పాను. ఒకావిడ, మీ అమ్మాయి ఫస్ట్ వచ్చేసింది కాబట్టి ఇప్పుడు రూల్ వద్దా అంది. కొందరు నవ్వారు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

రూల్ వల్ల హాజరు పెరిగిందని, ఇప్పుడు మార్చడం కుదరదని మురళీధర్ గారు అన్నారు. ఒక పిల్ల పది గంటలు కనిపించకుండా పోయిన సంగతి మినిట్స్ బుక్‌లో రాయమన్నాను. రాసేదాకా కూర్చోనన్నాను. నిలబడే ఉన్నాను. పావుగంట తర్వాత ఆయన అది రాయకుండానే పెన్ను మూసి, ఐదుగురినీ సోమవారం నుంచి వెనక్కి తీసుకుంటామన్నారు. రూల్ మాత్రం ఉంటుందట. వచ్చే సంవత్సరం నుంచి.

కమిటీలోంచి తప్పుకుంటున్నానని రాసిచ్చాను. ఎవరూ వద్దనలేదు.

నవంబర్ 24, సోమవారం

ఐదుగురూ స్పెషల్ బ్యాచ్‌లో కూర్చున్నారట. సాహితి చెప్పింది. వాళ్ళ నాన్నకు చెబుతుంటే విన్నాను.

డిసెంబర్ 13, శనివారం

హాఫ్ ఇయర్లీ మార్కులు వచ్చాయి. కావ్య ఫస్ట్. సాహితికి ఐదో ర్యాంకు. మళ్ళీ అడిగాను, ఐదో ర్యాంకే అంది. భయపడుతూ నా ముఖం చూసింది. ఇన్నేళ్ళూ మార్కులు చెప్పేటప్పుడు ఇలాగే చూసేదా?

డిసెంబర్ 14, ఆదివారం

కావ్య మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది. లోపల నన్ను చూసి, మళ్ళీ తొడుక్కుంది.

సాహితి పుస్తకాలు తీసుకుని ఆ పిల్ల వెంట వెళ్ళింది. గురమ్మ ఇంట్లో చదువుకుంటానంది. అడగలేదు, చెప్పింది.

సరే అన్నాను.